సద్దులు ఏడుకా, ఏడికా?

మొన్న మా అపార్టుమెంటు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఓట్లు పెట్టారు. సద్దుల బతుకమ్మ ఏడో రోజున ఆడదామా, తొమ్మిదో రోజున ఆడదామా, ఎవరికి నచ్చినదాని మీద వాళ్లు వేలు పెట్టండి అన్నారు. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో గుర్తులేక, వేలు మాత్రం ఒకటికి రెండుసార్లు పెట్టి, రెండింటికీ ఓటు వేసి కూర్చున్నాను. పెద్దావిడ ఎటూ తేల్చలేకపోయిందని పిల్లలు నవ్వుకున్నారు గానీ, ఈ సంగతిలో నేను తేల్చలేకపోవడం ఈనాటిది కాదు. అరవై ఏళ్లు దాటింది, కరీంనగర్‌లో గడియార స్తంభానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక ఇరుకు గల్లీకి నేను కొత్తకోడలిగా వచ్చి. వచ్చిన ఆ మొదటి ఏడే, ఈ ఏడు నన్ను ఏడిపించింది.

నా పుట్టిల్లు ఆదిలాబాద్. ఇంట్లో తెలుగు, పత్తి అంగట్లో మరాఠీ, బడిలో ఉర్దూ విని పెరిగినదాన్ని కాబట్టి మూడు భాషల్లోనూ సమానంగా తికమకపడే యోగ్యత నాకు చిన్ననాడే అబ్బింది. అది హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. తహశీలు కచేరీలో గుమాస్తాగా ఉన్న మా ఆయన ఉర్దూ కాగితాలకు అలవాటుపడిన చేతితో కొత్త హుకుములు రాయలేక అక్కడ తికమకపడి వస్తే, అత్తగారింటి పద్ధతులు అందక నేను ఇక్కడ తికమకపడుతూ ఎదురు వచ్చేదాన్ని. అన్యోన్యమైన దాంపత్యమని గల్లీలో మంచి పేరే వచ్చింది.

ఆ గల్లీలోకి సైకిలు వస్తే నడిచేవాళ్లు ఎవరో ఒకరి గడప ఎక్కి దారి ఇవ్వవలసిందే. అందుకనేమో ఎవరి గడప ఎవరిదన్న పట్టింపు అక్కడ తక్కువ. మా ఎదురింట్లో మగ్గం. నేసే మామ కాళ్లాడిస్తున్నంతసేపూ మా ఇంటి గిన్నెలు కూడా సన్నగా తాళం వేసేవి. గల్లీ మొదట్లో, మేమంతా ఖాలా అని పిలిచే తురక పెద్దమ్మ ఇల్లు. పెండ్లికొడుకుల మొహాలకు కట్టే పూల సెహ్రాలు అల్లి అమ్మడం ఆ ఇంటివాళ్ల వృత్తి గనుక, ఎవరింట పెండ్లి జరిగినా వాసన ముందు మా గల్లీకే వచ్చేది. పీర్లు లేచిన మొహర్రం రోజుల్లో మా అత్తమ్మ బిందెడు షర్బత్ కలిపి గడపలో కూర్చునేది. బతుకమ్మ రోజుల్లో ఖాలా తన వాకిలి తానే ఊడ్చి, ఆట గుండ్రం ఇక్కడిదాకా రావాలె, మా ఇల్లు విడిచిపెడితే ఊరుకోను అని బెదిరించేది.

ఇక అసలు సంగతికి వస్తాను. రావడానికి ఇంకో మలుపు ఉంది, ఓపిక పట్టండి. మా ఆదిలాబాద్‌లో పెత్రమాసనాడు, అంటే మహాలయ అమావాస్యనాడు, బతుకమ్మ మొదలుపెడితే తొమ్మిదోనాడు సద్దులు చేసి సాగనంపేవాళ్లం. సద్దుల బతుకమ్మ అంటే తొమ్మిదోరోజేనని, సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత ధీమాగా నేను నమ్మి ఉన్నాను. కరీంనగర్ వైపు కొన్ని చోట్ల ఏడోనాడే సద్దులు చేసి సాగనంపుతారన్న ముచ్చట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పలేదనడం అబద్ధం. అత్తమ్మ మొదటిరోజే చెప్పింది.

"సద్దులు మనకు ఏడుకే, యాదుంచుకో," అన్నది పూలు తుంచుతూ.

నాకది 'ఏడికే' అని వినబడింది. మా వైపు 'ఏడికి' అంటే 'ఎక్కడికి' అని. బతుకమ్మను ఎక్కడికి తీసుకుపోతారో నాకు తెలుసో లేదో అని పరీక్ష పెడుతోందనుకొని, తెలివైన కోడలినని చూపించుకునే అవకాశం పోగొట్టుకోవడం ఎందుకని, "మానేరుకేనట గదా అత్తమ్మా," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది. "గీ పిల్లకు చెవుడా, పొగరా?" అని గోడను అడిగింది.

అప్పటికి వారం ముందే నేను చేయవలసిన తప్పు చేసేసి ఉన్నాను. ఎదురింటి మగ్గం మామ భార్యను ఎదురింటత్త అనేదాన్ని. ఆమెకు ఒక్కగానొక్క బిడ్డ, మా ఆదిలాబాద్ దిక్కున ఖానాపూర్‌లో ఇచ్చారు. నాకు వరసకు వదినె. ఎప్పటిదో ఒక పెట్టుపోతల అలకతో వాళ్ల అత్త నాలుగేండ్లుగా ఆ పిల్లను పుట్టింటికి పంపడం లేదు. నడుమ ఒక కూతురు పుట్టి నడక కూడా నేర్చిందట, ఎదురింటత్త ఆ మనుమరాలి మొహమే చూడలేదు. చివరికి ఎవరెవరో పోయి నచ్చజెబితే, బతుకమ్మకు ఒక్కరోజు పంపుతామని, ఏనాడో రాయమని కబురు వచ్చింది. నేను ఏడో జమాత్ చదివినదాన్ని, దస్తూరి గుండ్రంగా ఉంటుందన్న కీర్తి ఉన్నదాన్ని. ఎదురింటత్త కార్డుముక్క పట్టుకొని వచ్చి, సద్దుల నాటికి పంపుమని రాయి బిడ్డా, అన్నది.

రాశాను. ఎట్లా రాశాను! మహారాజశ్రీలతో మొదలుపెట్టి, ఉభయకుశలోపరులతో ఒక మూల నింపి, 'సద్దుల బతుకమ్మ పర్వదినమునకు మా చిరంజీవిని పంపి మమ్ము సంతోషపెట్టగలరు' అని ముగించేసరికి కార్డు మీద చీమ నిలబడే చోటు లేదు. తేదీ రాయలేదు. సద్దులంటే ఏనాడో లోకానికంతటికీ తెలుసు కదా! ఎదురింటత్త లోకంలో అది ఏడోనాడు. నా లోకంలోనూ, ఖానాపూర్ లోకంలోనూ తొమ్మిదోనాడు.

ఆరోనాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎవరూ పేర్చరు. అయినా సాయంత్రానికల్లా తంగేడు కట్టలు, గునుగు మోపులు గల్లీలోకి దిగుతుంటే, ఇంకా మూడు రోజులుండగానే తెచ్చుకుంటే వాడిపోవా, కరీంనగరం వాళ్లకు ఇంత తొందరేమిటని నాలో నేను నవ్వుకున్నాను. తెల్లారి లేచి చూస్తే, అత్తమ్మ ఇత్తడి తాంబాళంలో నడుమెత్తు బతుకమ్మ పేర్చే పనిలో ఉంది. పొయ్యి మీద పులిహోరకు పులుసు ఉడుకుతోంది.

"ఇయ్యాల సద్దులేనా అత్తమ్మా?"

"కాదే, దీపావళి. మొదటినాడే చెప్పలే, ఏడుకని?"

నా చేతిలోని గునుగు కట్ట ఎక్కడ పడిందో నాకు తెలియదు. ఎదురింటివైపు చూశాను. మగ్గం ఆగి ఉంది. మామ తెల్లచొక్కా తొడుక్కొని బస్సులు ఆగే చోటికి బయలుదేరుతున్నాడు. పొద్దున ఒకసారి పోయి వచ్చాడు, మధ్యాహ్నం ఒకసారి, నాలుగు గంటలకు మరొకసారి. పోయేటప్పుడు ఎంత వేగంగా పోయేవాడో, వచ్చేటప్పుడు అంత నిదానంగా వచ్చేవాడు. నోరు విప్పి చెప్పాలని మూడుసార్లూ గడపదాకా వచ్చాను. ఏమని చెప్పాలో తెలియక మూడుసార్లూ లోపలికి పోయి, ఉప్పు వేసిన పులిహోరలోనే మళ్లీ ఉప్పు వేశాను.

సాయంత్రం గల్లీ అంతా బతుకమ్మలను ఎత్తుకుంది. ఎదురింటత్త మాత్రం తనదాన్ని గడప ముందు దించుకొని పక్కనే చతికిలబడింది.

"లే అక్కా, పొద్దు గూకుతుంది," అన్నది అత్తమ్మ.

"నా బిడ్డ రాలే. ఎవలికోసం ఎత్తాలె? వాళ్లు పంపరు, నాకెరుకనే. నన్ను అంగట్ల బొమ్మను చేసిండ్రు," అని ఎదురింటత్త కొంగులో మొహం దాచుకుంది.

ఇక నాకు దాగడానికి చోటు లేకపోయింది. "అత్తా, నేను దినం రాయలే. సద్దులని మాత్రమే రాసిన. వాళ్లకు సద్దులంటే తొమ్మిదోనాడు," అన్నాను.

అత్తమ్మే ముందు తేరుకుంది. "దస్తూరి మంచిగున్నదని రాయమంటిమి. దస్తూరి ఉన్నకాడ అకల్ లేకపాయె!" నా తెలివికి పడిన ఆ దెబ్బకు నలుగురూ నవ్వారు. ఎదురింటత్త మాత్రం కొంగు తీసి నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను.

"అంటే... వాళ్లు వద్దనలేదా?"

"లేదత్తా. ఎల్లుండి వస్తదేమో."

"వస్తదా?" అని నవ్వబోయి, చుట్టూ ఎత్తి ఉన్న బతుకమ్మలను చూసి మళ్లీ ఏడుపు మొహం పెట్టింది. "వస్తే మాత్రం ఏమున్నదే? ఆట అయిపాయె. నాలుగేండ్లకు వచ్చిన బిడ్డకు ఉత్త వాకిలి సూపెట్టాల్నా?"

అప్పుడే కచేరీ నుంచి వచ్చిన మా ఆయన, వస్తున్నదీ లేనిదీ తార్ కొట్టి, అంటే టెలిగ్రాం ఇచ్చి, కనుక్కుందామన్నాడు. తార్ అందితే కాగితం విప్పకముందే అక్కడ శోకాలు పెడతారని ఆడవాళ్లందరూ ఒక్కసారే ఆయన మీద పడ్డారు. ఇంకోసారి పేర్చి ఆడితే ఏమని ఒకరు, సాగనంపిన గౌరమ్మను తెల్లారేసరికి మళ్లీ రమ్మంటామా, అది అత్తగారింటికి పోయిన పిల్ల కాదా అని ఇంకొకరు. ఆ మాటలు ఎటు పోతున్నాయో నాకు అర్థం కాలేదు గానీ, అత్తమ్మ చేయెత్తగానే అన్నీ ఆగాయి.

"మనయి పోతున్నయ్. అక్కది పోలే గద. సాగనంపని బతుకమ్మ గల్లీల ఒకటున్నంక ఆట ఎట్ల అయిపోయినట్టు? ఎల్లుండి దీని సుట్టే ఆడుదాం."

ఇంత న్యాయం మా ఆయన కచేరీలో కూడా ఎన్నడూ జరిగి ఉండదు.

ఆ రెండు రోజులూ ఎదురింటత్త బతుకమ్మకు నీళ్లు చిలకరించడం నా పనిగా పెట్టుకున్నాను. నేను ఎంత భక్తిగా చిలకరిస్తే అది అంత త్వరగా కుంగింది. తొమ్మిదోనాడు పొద్దున కొత్త పూలకని బయలుదేరితే, ఊరి చుట్టుపక్కల తంగేడు చెట్టు అన్నది బోడిగా నిలబడి ఉంది. ఖాళీ గంపతో గల్లీలోకి వస్తుంటే ఖాలా ఆపింది.

"పరేషాన్ నక్కో బేటీ, బెంగపడకు. తంగేడు లేకుంటే బంతి లేదా? మా తాన బంతి ఉన్నది, మల్లె ఉన్నది. సెహ్రా చెప్పినోళ్ల షాదీ రేపు గదా, దూల్హాకు పొద్దుగాల మళ్ల తెప్పిస్త. ఇయ్యాల నీ గౌరమ్మకు ఇస్త."

పూలే కాదు, సెహ్రాకు వేలాడదీసే జరీ పోగులు కూడా ఇచ్చింది. అవన్నీ చుట్టి నిలబెట్టేసరికి అత్తమ్మ వచ్చి చూసి, "గిది గౌరమ్మనా, ఖాలా ఇంటి పెండ్లికొడుకా?" అన్నది. ఎవరూ మళ్లీ వండలేదు. ఏడోనాటి నువ్వులపొడీ, పెరుగు కలిపిన అన్నమూ, నా రెండు ఉప్పుల పులిహోరా తలా ఇంత తెచ్చారు. పేరుకు తగినట్టు అవి ఆనాడు నిజంగానే సద్దులు, చద్దన్నాలు.

మూడు గంటల బస్సుకు వదినె దిగింది. ముందు మామ, చేతిలో సంచి. వెనక ఆమె, చంకన పిల్ల. గల్లీ మొదట్లోనే ఆగిపోయి, వాకిళ్లన్నీ అలికి, ఆడవాళ్లంతా కొత్త చీరెలు కట్టుకొని నిలబడి ఉండడం చూసి, తాను వేరే గల్లీకి వచ్చానేమోనన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. ఎదురింటత్త పరుగున పోయి, బిడ్డను పట్టుకోవాలో మనుమరాలిని ఎత్తుకోవాలో తెలియక, ఇద్దరి నడుమా చేతులు చాపి అట్లాగే నిలబడిపోయింది. చివరికి ఆ చిన్నపిల్లే ఆమె ముక్కుపుల్ల పట్టి లాగి సంగతి తేల్చింది.

ఆడాము. ఒక్క బతుకమ్మ చుట్టూ గల్లీ అంతా ఆడాము. గుండ్రం ఖాలా వాకిలిదాకా పోయింది. మానేరులో బతుకమ్మను విడిచి, ఇసుకలో కూర్చున్నప్పుడు వదినె పక్కకు జరిగి, నావల్ల ఇంత అయిందని, దినం రాయకపోవడం నా తప్పేనని క్షమాపణ మొదలుపెట్టాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను గీ గల్లీల పుట్టిన పిల్లనే గాదానే? గీడ సద్దులు ఏడుకని నాకెరుక లేదా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. "మరి ఎరుకుంటే..."

"కార్డు సదివించుకొని మా అత్త, సద్దులంటే తొమ్మిది, తొమ్మిదికి పో అన్నది. కాదు, మా దిక్కు ఏడంటే, మీ ఇష్టమున్నట్టు మార్సుకుంటరా అని మొత్తానికే వద్దంటది. అందుకే సప్పుడు జెయ్యలే. ఆట అయిపోయి ఉంటదని తెలిసే బస్సెక్కిన. ఆట పోతేపాయె, అవ్వ ఉంటది గద."

తెల్లవారి మొదటి బస్సుకు ఆమె వెళ్లిపోయింది. అప్పటినుంచి ఎదురింటత్త బతికినన్నాళ్లూ మా గల్లీలో సద్దులు రెండుసార్లు జరిగాయి. ఏడుకు అందరికోసం, తొమ్మిదికి వచ్చినవాళ్లకోసం. నా పేరు మాత్రం కార్డు కోడలుగా స్థిరపడింది. అత్తమ్మ ఆ పేరు కొత్త చుట్టాలకు కూడా శ్రద్ధగా పరిచయం చేసేది.

కార్డులో దినం సరిగ్గా రాసి ఉంటే ఆ ఏడు ఆమె వచ్చి ఉండేదో, వాళ్ల అత్త కుదరదని కొట్టివేసి ఉండేదో, నేను చేసింది తప్పో మేలో, ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. ఆ గల్లీలో ఇప్పుడు కార్లు ఆగుతాయి, మగ్గం ఉన్నచోట మందుల దుకాణం ఉంది, ఎవరి గడప వాళ్లదే. ఏ పండుగ ఏనాడో, తిథి ఎన్ని నిమిషాలకు మొదలవుతుందో నెల ముందుగానే అందరికీ తెలుస్తోంది. దినం తెలియక తప్పిపోయేవాళ్లు ఎవరూ లేరు. దినం దాటితే మాత్రం, ఇక పోయి ఏం చేస్తాం, వచ్చే ఏడు చూద్దాం అంటున్నాం. నేనూ అంటున్నాను, కాళ్లనొప్పులు సాకుగా పెట్టి. అయిపోయిన పండుగకు, అయిపోయిందని తెలిసీ, ఒక మనిషి కోసం బస్సెక్కి వచ్చేవాళ్లను మాత్రం నేను మళ్లీ చూడలేదు.