చిలగడదుంప ఫ్రైస్, కొత్త నూనె

చిలగడదుంప ఫ్రైస్ ఎక్కడ బాగుంటాయో తేల్చుకుందామని తాడేపల్లిగూడెంలో మొదలుపెట్టి, ఏలూరు దారిలో ఉన్న హోటళ్ళన్నిట్లోనూ ఆగాను. ప్రతిచోటా తినే ముందు వాసన చూసేవాణ్ణి. కొల్లేటి చేపలు వేయించిన నూనెలోనే వీటినీ వేయిస్తారని నా అనుమానం.

ఉంగుటూరులో మాత్రం కరకరలాడుతూ, తియ్యగా, చేప వాసనే లేకుండా వచ్చాయి. హోటల్ నడిపే ఆవిడ నేను అడగకుండానే ఇంకో ప్లేటు చెప్పింది. ఇంత మర్యాద ఎందుకో నాకు నచ్చలేదు.

"నూనె ఏది వాడతారండీ?" అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "కొత్తదేనండీ, ఇప్పుడే ప్యాకెట్టు కోసేమండీ. నీలం చొక్కా ఆయన ప్లేటు వాసన చూసి వెళ్ళారని గూడెం నుంచి మా తమ్ముడు ఫోన్ చేసేడండీ. తమరు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ గారే కదండీ?"

"అయ్యో, కాదండీ. తినడానికొచ్చాను, అంతే."

"ఆయ్, అలాగాండీ!" ఆవిడ ఊపిరి పీల్చుకుని, వంటింట్లో ఉన్న భర్తకు కేకేసింది. "ఏవండీ! ఈయన ఆయన కాదంటండీ. కొత్త నూనె దింపేసి, ఆ చేపల మూకుడే పెట్టేయండి!"

నా రెండో ప్లేటు అప్పటికింకా రాలేదు.