థూలీ అని చెక్కాల్సిన రాయి

హల్దియాపదర్‌లో కొత్త ఇల్లు కట్టినవాళ్ళు గేటు పక్కన పేరు పెట్టించుకోవాలంటే ఎక్కువమంది రాళ్ళు చెక్కే వైకుంఠరావు దగ్గరికే వస్తారు. పక్కనున్న బరంపురంలో ఇప్పుడు మిషన్ మీద అక్షరాలు కోసే దుకాణాలకి కొదవ లేదు. పొద్దున ఇస్తే సాయంత్రానికి రాయి చేతికిస్తారు. వైకుంఠరావు నాలుగు రోజులు తీసుకుంటాడు, పైగా సవాలక్ష ప్రశ్నలేస్తాడు. ఓపిక లేనివాళ్ళు మిషన్ దగ్గరికే పోవచ్చని ఆయనే చెబుతాడు.

ఆ ప్రశ్నల అలవాటు ఊరికే రాలేదు. చికిటి నుంచి వచ్చిన కొత్తలో ఆయనకి తెలుగు, ఒడియా అక్షరాలే వచ్చు. ఇంగ్లీషుని బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు చెక్కేవాడు. ఒక ప్లీడరుగారు చీటీ మీద ఇంటికి పెట్టే పేరు రాసి, దాని కింద శుక్రవారం లోపల కావాలని ఇంగ్లీషులోనే రాసిచ్చారు. మనవాడు రెండు లైన్లూ భక్తిగా చెక్కేశాడు, చివర చుక్కతో సహా. వీధి వీధంతా ఏడాదిపాటు నవ్వుకుంది. అప్పట్నుంచి అర్థం తెలియందే ఉలి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. దానికి తండ్రి నుంచి వచ్చిన ఆనవాయితీ ఒకటి తోడైంది. మొదటి దెబ్బ పడకముందు ఆ ఇంటి ఇల్లాలు రాయికి పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆ పేరుకి అర్థమేమిటో చెక్కేవాడు తన నోటితో ఆమెకి చెప్పాలి.

పోయిన మాఘమాసంలో గౌరీశంకర్ వచ్చాడు. రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. ఇంగ్లీషు పేపర్లో గళ్ళనుడికట్టు నింపడం ఆయన సరదా. థూలీ అనే పేరు ఆ గళ్ళలోనే దొరికిందట. వెనకటి కాలంలో ఉత్తరానికి ఓడలు నడిపినవాళ్ళు చిట్టచివరి నేలకి పెట్టిన పేరు అది. దాన్ని దాటితే మంచే తప్ప మరో ఊరు లేదనుకునేవారు. అది ఫలానా చోటని ఈనాటికీ ఇద్దరు ఒక మాట మీద లేరు. తర్వాత తర్వాత ఇంగ్లీషువాళ్ళు, మనిషి చేరగలిగిన ఆఖరి చోటు ఏదైనా సరే, దాన్ని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. గౌరీశంకర్ స్టూలు మీద కూర్చుని ఇదంతా ఓపిగ్గా చెప్పాడు.

ఇంత దూరపు పేరు ఇంటికెందుకని వైకుంఠరావు అడిగాడు. గౌరీశంకర్ రాళ్ళకేసి చూశాడు. పరాయివాడి దగ్గర నిజం తేలిగ్గానే వస్తుంది.

“ఇక్కణ్ణించి ఇంక కదల్లేను వైకుంఠం. ఇదే ఆఖరు” అన్నాడు. “మా ఆవిడకి మాత్రం ఉత్తరదిక్కు అని చెప్పు, చాలు.”

కుబేరుడి దిక్కని ఆయన అప్పటికే ఇంట్లో చెప్పేశాడు. భార్య హైమ సంతోషపడింది కూడా.

దాని వెనక ఒక మాట ఉంది. హైమది టెక్కలి. పెళ్ళైన కొత్తలో, సర్వీసు అయిపోగానే టెక్కలిలో ఇల్లు కట్టి అక్కడే ఉందామని గౌరీశంకర్ మాటిచ్చాడు. బరంపురం నుంచి రైల్లో రెండు గంటల దారి. రైల్వే మనిషై ఉండీ ఆ దారి దాటడానికి ఆయనకి ముప్ఫై ఒక్క ఏళ్ళు చాలలేదు. హల్దియాపదర్‌లో స్థలం కొన్నప్పుడు చవగ్గా వచ్చిందన్నాడు. ఇల్లు లేపినప్పుడు అద్దెకిద్దామన్నాడు. హైమ ఇరుగుపొరుగుతో అప్పటికీ, మేం ఇక్కడ ఉండేవాళ్ళం కాదమ్మా అనే చెప్పేది.

వైకుంఠరావుకి ఆ పూట అన్నం సయించలేదు. సగం అర్థం చెబితే అబద్ధమా కాదా అని భార్య బుల్లమ్మని అడిగాడు. ఆమె చేట పక్కన పెట్టకుండానే జవాబిచ్చింది.

“రాయికి బొట్టు ఎట్టించేది నువ్వు. ఆయన కాదు.”

గృహప్రవేశం అయిదు రోజులుందనగా హైమ పళ్ళెంలో పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చింది. వెనకే గౌరీశంకర్ స్కూటర్ ఆపుకుంటున్నాడు. నల్లరాయి బల్ల మీద ఉంది, అక్షరాలు సుద్దతో గీసి ఉన్నాయి. అర్థం చెప్పమని ఆమె నవ్వుతూ అడిగింది. వైకుంఠరావు గౌరీశంకర్ వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని ఆయనకి తెలుసు.

“ఉత్తరదిక్కే తల్లీ. కానీ ఆ దిక్కులో ఆకరి నేల. ఇంక దాని తరవాత ఎల్లడానికి ఏటీ లేదని అర్తం.”

హైమ నవ్వు ఆగిపోయింది. పళ్ళెం బల్ల అంచున పెట్టింది. గౌరీశంకర్ దగ్గరికొచ్చి ఏదో సర్దబోయాడు, ఇంగ్లీషులో చాలా అర్థాలుంటాయని మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“ఇంగిలీసు నాకెందుకు? మీ నోటితో సెప్పండి. టెక్కలి ఎల్తామా, ఎల్లమా?”

వెళ్ళం హైమా, అన్నాడు గౌరీశంకర్. అక్కడ తనకి పని లేదనీ, తెలిసిన ముఖం లేదనీ, ఈ వయసులో కొత్తగా మొదలెట్టాలంటే భయంగా ఉందనీ అన్నాడు. తల దించుకునే అన్నాడు.

హైమ ఏడవలేదు. వైకుంఠరావుకి అదే ఎక్కువ బాధనిపించింది.

“టెక్కలిలో మాయమ్మ బతికున్నప్పుడే ఈ ముక్క సెప్పుంటే, గట్టిగా ఓపాలి ఏడ్సి ఊరుకుందును. ఏడాదికో నెలైనా ఎల్లి అమ్మ కాడ ఉందును. రేపెలాగూ ఎల్లిపోతాం కదా అని అమ్మని ఒగ్గీసి మీతో ఉండిపోయాను.”

ఆమె పసుపు కలిపి రాయికి రాసింది, బొట్టు పెట్టింది. తర్వాత వైకుంఠరావుతో, చెక్కు అన్నా, లోతుగా చెక్కు అని చెప్పి, స్కూటర్ ఎక్కకుండా నడుచుకుంటూ ఇంటివైపు వెళ్ళిపోయింది.