టకటకక్క పాస్‌వర్డు

ఆసుపత్రి టైపు గదిలో ఆమెను అందరూ టకటకక్క అనేవారు. పుట్టుకతోనే చూపు లేదు. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని రిపోర్టులు టైపు చేయడం ఆమె పని. "మీ చేతిరాత కన్నా నా చెవి నయం" అని డాక్టర్లనే ఆట పట్టించేది.

ఆమె కంప్యూటరు లినక్స్ అనే సిస్టమ్‌తో నడిచేది. పొద్దున ఆన్ చేస్తే లాగిన్ తెర ఆమె పేరు పైకి చదివేది. ఎంటర్ నొక్కితే పాస్‌వర్డు అడిగేది.

ఒక సోమవారం అది పలకలేదు. కంప్యూటర్లు చూసుకునే అతను వచ్చి, "తెర బానే ఉందిగా మేడం" అన్నాడు.

"చూసేవాళ్లకి బానే ఉంటుంది బాబూ. నాతో మాట్లాడట్లేదు."

"పైన ఒక మెషీను అసలు లేవట్లేదు. అది చూసి ఇప్పుడే వస్తా."

అర్జెంటు రిపోర్టులు ఆరున్నాయి. ఆమె ఊరుకోలేక, అలవాటు కొద్దీ ఎంటర్ నొక్కి పాస్‌వర్డు కొట్టింది. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టింది.

ఈమధ్యే బదిలీ మీద వచ్చిన పక్క సీటావిడ, సాయం చేద్దామనే తొంగిచూసింది. "అక్కా, పేరు రాసేచోట ఏదో పడుతోంది. బుజ్జిపిచ్చుక నాలుగు!" అంటూ పకపకా నవ్వింది. "ఎవరక్కా ఈ పిచ్చుక?"

గదిలో అందరూ నవ్వారు. ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"మా అమ్మాయి. నాలుగో ఏట పోయింది."

"అయ్యో, నా నోరు పడిపోను" అంది పక్కావిడ.

పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆ పేరు వినబడితే భర్త లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అందుకే నోటితో అనడం మానేసి, రోజూ పొద్దున్నే వేళ్లతో పిలుచుకునేది.

కంప్యూటర్ల అతను తిరిగొచ్చి స్పీకరు పరీక్షించాడు. మోగింది. "మీరు లోపలికెళ్లాక చదివే గొంతు వేరు, లాగిన్ తెరకి వేరు మేడం. నిన్నటి అప్‌డేట్‌లో ఈ రెండోది ఆగిపోయింది. పేర్ల జాబితా కూడా పోయి, ఖాళీ గడి వచ్చింది. మీరు కొట్టింది అందులో పడింది." రెండూ సరిచేసి లాగిన్ తెరను మళ్లీ మొదలుపెట్టాడు. అది ఆమె పేరు చదివింది.

"పాస్‌వర్డు మార్చాలి. అందరికీ తెలిసిపోయింది కదా, లోపలున్నవి రోగుల కాగితాలు" అన్నాడు.

"ఇది ఉంచుకునే దారి లేదా?"

"లేదక్కా" అన్నాడు. అంతదాకా మేడం అన్నవాడు.

అర్థం పర్థం లేని అంకెలేవో పెట్టింది. ఆరు రిపోర్టులూ పూర్తి చేసింది.

మర్నాడు పొద్దున వేళ్లు పాత దారినే పోయాయి. పాస్‌వర్డు తప్పని కంప్యూటరు గదంతా వినబడేలా చెప్పింది. ఆ వారమంతా అదే తంతు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

శనివారం సాయంత్రం భర్త టీ తెచ్చి చేతికిస్తుంటే, "బుజ్జిపిచ్చుక" అంది పైకి.

ఆయన చెప్పులు వేసుకుంటున్న చప్పుడైంది. గడియ తీశాడు. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆయన అక్కడే నిలబడి ఏడుస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"ఇంకోసారి అను" అన్నాడు.