కత్తెర పట్టే చెయ్యి

మాస్టారి స్టూలు ఆయన కిందే విరిగింది. పట్టపగలు, బట్టలకు కొలతలివ్వడానికి వచ్చిన నలుగురి ముందు. వాళ్లలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నడుం నొప్పి నాలుగు రోజుల్లో పోయింది గానీ ఆ నవ్వు ఆయన్ని వదల్లేదు. అప్పటికి ఆయన బరువు నూట ముప్ఫై ఎనిమిది కిలోలు. మోకాళ్లు, షుగరు, ఆయాసం అంటూ డాక్టరు మూడేళ్లుగా చెప్పినదంతా ఒక ఎత్తు, ఆ నవ్వొక్కటీ ఒక ఎత్తు. రెండు నెలలు తిరక్కుండా కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నారు.

నేను ఆ కొట్లో పదకొండేళ్లుగా కాజాలు, గుండీలు కుడుతున్నాను. ఆయన కొలతలు చదువుతుంటే పుస్తకంలో రాస్తాను, మిషను అడుగున పెట్టే బాబిన్లకు దారం చుడతాను. కొట్టంటే ఒక్కటే గది. గోడవారగా రెండు మిషన్లు, మధ్యలో కత్తిరించే బల్ల, వెనక తలుపు తీస్తే వాళ్ల వంటిల్లు. ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు కాబట్టి ఆయన భార్య నాకు వదిన. అంతకుమించి చుట్టరికం లేదు, అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పగలను.

ఆపరేషన్ తర్వాత మనిషి మంచులా కరిగాడు. ప్రతి సోమవారం నడుం కొలుచుకుని, ప్యాంటు విప్పి మళ్లీ కుట్టుకునేవారు. కత్తిరించిన గుడ్డపీలికల్ని బిస్కెట్ల డబ్బాలో దాచి, వచ్చినవాళ్లకు చూపించేవారు. ఎవరి పిచ్చి వారికానందం. జనం కూడా "అబ్బ, సగమైపోయారే!" అనేవారు. ఆ మాటతోనే ఆయనకు కడుపు నిండేది.

నిజానికి కడుపులో పడేది చాలా తక్కువ. పొద్దున అరకప్పు పల్చటి జావ, మధ్యాహ్నం టీలో రెండు బిస్కెట్లు, సాయంత్రం ఏదో నాలుగు మెతుకులు. ఆస్పత్రిలో ఇచ్చిన ప్రోటీన్ పొడి డబ్బా మూతయినా తీయలేదు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికి పనికొచ్చింది.

"గుడ్డు ఉడకబెట్టానండీ, సగమైనా తినండి," అనేది వదిన.

"ఆకలి లేకుండా తినడమెందుకే? తినీ తినీ కదా ఆ గతి పట్టింది."

ఆకలి లేని మాట నిజమే, ఆపరేషన్‌తో అది చచ్చిపోతుందట. కానీ ఆయన నోరు కట్టేసింది ఆకలి లేకపోవడం కాదు, భయం. ఒక్క ముద్ద ఎక్కువైతే ఆ ఒళ్లు మళ్లీ వచ్చి మీద కూర్చుంటుందని భయం. మూడో నెలలో డైటీషియన్‌కు కనబడమన్నారు. "తగ్గుతూనే ఉన్నాగా, వెళ్లి ఏం చెప్పుకోవాలి?" అని వెళ్లలేదు. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తుంటే నీళ్లు పడలేదన్నారు.

అయిదో నెలలో కాపలావాళ్ల కోట్లు ఒప్పుకున్నారు. మందపాటి గుడ్డ. ఎనిమిది పొరలు పరిచి ఒకేసారి కత్తిరించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆరోజు సగం దూరం వెళ్లి కత్తెర ఆగిపోయింది. రెండు చేతులూ వేసి నొక్కారు. గీత పక్కకు పోయి ఎనిమిది కోట్ల ముందుభాగాలూ పాడయ్యాయి.

"కత్తెర మొద్దుబారింది," అన్నారు.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. నేను కత్తెరను సానపట్టే తాతకు ఇచ్చి వచ్చాను. సాయంత్రం తాతే తెచ్చాడు. పాడైన గుడ్డనే ఎనిమిది మడతలు పెట్టి కరకరా కత్తిరించి చూపించాడు. డెబ్బై దాటిన మనిషి.

"కత్తెరకేం రోగం లేదయ్యా. పోయిన నెలే కదా పట్టాను," అని మాస్టారి చేతి వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కత్తెర పట్టే దర్జీకి కుడి జబ్బ ఎడమదాని కంటే కాస్త లావుంటుంది. మాస్టారికి అర అంగుళం తేడా. తన చొక్కాలకు కుడి చెయ్యి ఆమేరకు వదులుగా కుట్టుకునేవారు. "ముప్ఫై రెండేళ్ల పని ఈ అర అంగుళం," అని ఒకప్పుడు నాతో గొప్పగా అన్నారు కూడా.

తాత వెళ్లాక ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. "టేపు తియ్యి చెల్లెమ్మా."

పదకొండేళ్లలో మొదటిసారి నేను కొలిచాను, ఆయన రాసుకున్నారు. ఎడమ జబ్బ పన్నెండు. కుడి జబ్బ పన్నెండు.

"మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. ముచ్చటగా మూడోసారీ చూశాను. రెండూ పన్నెండే. ఆయన పెన్సిల్ కింద పెట్టేసి, తన చెయ్యి తనది కానట్టు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు ముగ్గురం డైటీషియన్ దగ్గరికి వెళ్లాం. చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి వయసుంటుంది. ఏమేం తింటున్నారో అడిగి రాసుకుని, కూడి చూసింది.

"అంకుల్, రోజుకి నాలుగొందల క్యాలరీలు కూడా రావట్లేదు మీకు. ప్రోటీన్ అరవై గ్రాములు కావాలి, పదిహేను కూడా లేదు."

"తగ్గుతున్నా కదమ్మా?"

"తగ్గేది కొవ్వొక్కటే అనుకుంటున్నారా? బయటినుంచి రాకపోతే ఒళ్లు తన కండను తనే తింటుంది."

రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెంగా తినమంది. ముందు గుడ్డో, చేపో, పప్పో, గట్టి పెరుగో, తర్వాతే మిగతావి. డబ్బాలోని ప్రోటీన్ పొడిని పాలలో కలుపుకోమంది. తింటూ నీళ్లు తాగొద్దంది, అరగంట ఆగమంది. మాస్టారు అన్నీ విని, "మళ్లీ లావైతే?" అన్నారు. ఆ పిల్ల ఎంత నచ్చజెప్పినా మళ్లీ అదే అడిగారు. తలుపు దాకా వచ్చి కూడా వెనక్కి తిరిగి అదే అడిగారు.

తింటానని ఒప్పుకోవడం వేరు, తినడం వేరు. ఫోన్లో అలారం పెడితే మోగగానే నొక్కేసేవారు. కుట్టు మధ్యలో దర్జీని లేపడం ఎవరి తరం? అప్పుడు ఆయనకే తోచింది. బాబిన్ ఖాళీ అయితే ఎంతటివాడైనా ఆగాల్సిందే, కింద దారం లేకుండా కుట్టు పడదు. "బాబిన్ అయిపోతే ముందు నోట్లోకి, తర్వాతే మిషన్లోకి," అని నియమం పెట్టుకున్నారు. వదిన మూతగిన్నెలో గుడ్డుముక్కలో, పెరుగో పెట్టి మిషను పక్కన ఉంచేది. అర గుడ్డుకు పావుగంట పట్టేది, చేదుమాత్ర నమిలినట్టు నమిలేవారు. తొందరపడిన రోజు వాంతయ్యేది.

చిక్కేమిటంటే, పని తక్కువున్న రోజు మూడు బాబిన్లకు మించి ఖాళీ కావు. కావలసింది ఆరు. అందుకని నేను బాబిన్లు సగమే చుట్టడం మొదలుపెట్టాను. వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఏంటి చెల్లెమ్మా, దారం ఇట్టే అయిపోతోంది?"

"ఈ కొత్త రీళ్లంతే మాస్టారూ. కలికాలం."

ఒక సోమవారం తూకం ముల్లు వారం కిందటి చోటే ఉంది. ఆరోజు రెండు బాబిన్లు ఖాళీ అయినా గిన్నె మూత తియ్యలేదు. వదిన బతిమాలలేదు. బల్ల మీది కత్తెర తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి మూత చప్పుడు వినిపించింది.

ఇంకో నాలుగు నెలలు గడిచాయి. కోట్లు మళ్లీ వచ్చాయి, అదే మందపాటి గుడ్డ. మాస్టారు ఎనిమిది పొరలు పరిచి, సుద్దతో గీత గీసి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఆగకుండా కత్తిరించారు. నేను కాజా మధ్యలో సూది వదిలేసి చూస్తున్నాను. ఆయన కత్తెర పక్కన పెట్టి చొక్కా చేతులు మడిచారు.

ఎడమ జబ్బ పన్నెండుంబావు. కుడి జబ్బ పన్నెండున్నర.

"అర అంగుళం వచ్చిందా?"

"పావే మాస్టారూ."

"మళ్లీ చూడు."

"ఎన్నిసార్లు చూసినా పావే."

ఆయన పుస్తకంలో రాసుకుని మిషను దగ్గర కూర్చున్నారు. గిన్నె మూత తీసి, గుడ్డుముక్క ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు. తర్వాత ఖాళీ బాబిన్ తీసి నా చేతిలో పెట్టారు.

"ఇంకో పావు రావాలి చెల్లెమ్మా. అందాకా సగమే చుట్టు."