బర్గూరు గోడకు నేను రాసిన భాష్యం

ఇది చదివాక మీరు నన్ను బజారులో చూసి కూడా పలకరించకపోవచ్చు. అయినా చెబుతాను. పన్నెండు మంది ముందు పోయిన పరువుకు దాపరికం దేనికి?

అప్పట్లో హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూ, పేరు లేని కళాకారుల కోసం ఒక వెబ్ పత్రిక పెట్టాను. పైన "అండర్‌గ్రౌండ్ కళ" అని రాసుకున్నాను.

"అండర్‌గ్రౌండ్ అంటే మన నీళ్ల సంపు మాదిరా?" అని అడిగింది మా ఆవిడ సుజాత.

ఆమెతో కలిపి పాఠకులు ఏడుగురు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట ఓడి నేరుగా ఇంటర్నెట్ ఎక్కాను.

ఒకరోజు గ్రానైట్ క్వారీలుండే బర్గూరులో ఒక షెడ్డు వెనక గోడ కనబడింది. ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు, పెళ్లిలో అన్నీ కలిపేసుకున్న విస్తరిలా ఉంది. షెడ్డుకు తాళం. అడగడానికి మనిషి లేడు. అడగాలన్న బుద్ధి నాకూ లేదనుకోండి. ఫొటోలు తీసుకుని, "గ్రానైట్ గుండె కార్చిన రంగుల కన్నీరు" అంటూ పెద్ద వ్యాసం రాశాను. ఎర్ర చార క్వారీ కూలీ నెత్తురన్నాను. గోడకు లేని దురద నాకెందుకో.

వ్యాసం ఎలాగో బెంగళూరు చేరింది. "మీ పత్రికకు మా బొమ్మలన్నీ ఇస్తాం, ముందు ఆ గోడ చూపించండి" అంటూ ఆదివారం పన్నెండు మంది చిత్రకారులు వ్యానులో దిగారు. పత్రిక బతుకంతా ఇక ఆ గోడ మీదే.

వెళ్లి చూస్తే గోడ ఉతికిన పంచెలా తెల్లగా ఉంది. పక్కన బకెట్టుతో ఒక పెద్దాయన.

"ఏమప్పా, ఈడుండిన బొమ్మ యాడ?" అన్నాను.

"బొమ్మేందప్పా? నేను బోర్డులు రాసేటోణ్ణి. అది బ్రష్షులు తుడుచుకునే గోడ. ఎవరో దాన్ని గురించి నెట్టులో రాసినారంట, జనం వస్తారని మా కోడలు చెప్పింది. గలీజుగా ఉంటే బాగుండదని ఇప్పుడే సున్నం కొట్టినాను."

"మరి ఆ ఎర్ర చార?"

"కోడికూర హోటల్ బోర్డు రాసినాను."

అందరూ నావైపు తిరిగారు. అంతలో వాళ్లలో భుజాన సంచీ ఉన్న ఒకాయన గోడ దగ్గరికి నడిచి, "మౌనం. తన కళను తానే చెరిపేసుకున్నాడు" అంటూ భక్తిగా నుదురు ఆనించాడు.

"తలకాయ తీయప్పా," అన్నాడు పెద్దాయన, "ఇంకా ఆరలేదు."

ఆ తెల్లబడిన నుదుటి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ గోడ గురించి రాయాలన్నా ముందు గోడగలాయన్ని అడుగుతాను. ఆయన దొరక్కపోతే కోడలినైనా అడుగుతాను.