పుస్తె మీద ఒట్టు

కొత్తగూడ చౌరస్తాలో మందుల దుకాణం పక్క సందులోకి తిరిగితే ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఉండేది. బోర్డు ఉంది, బోర్డు మీద పేరూ ఉంది. కాని రాళ్లు కొట్టేవాళ్లు, తట్టలు మోసేవాళ్లు, ఇనుప చువ్వలు వంచేవాళ్లు దాన్ని భూలక్ష్మక్క దవాఖాన అనేవాళ్లు. భూలక్ష్మి అక్కడ నర్సు. దాని యజమాని డాక్టర్ సోమేశ్వరరావు కోస్తా నుంచి వచ్చినవాడు. ఆ మాట విని నవ్వేవాడు.

"బోర్డు మార్పించేద్దామా భూలక్ష్మీ?"

"వద్దు సార్. నా పేరు పెడితే ఫీజు ఎవ్వలియ్యరు."

ఆమెది ఆ ఊరే. తొంభైల చివర, మాదాపూర్ గుట్టలు పేలుస్తున్న రోజులు. ఆమె తండ్రి రామచంద్రం జొన్న వేసిన చెలకలో అప్పటికి సిమెంటు కలిపే యంత్రాలు తిరుగుతున్నాయి. అద్దాల మేడ ఒకటి లేస్తోంది. ప్రపంచమంతా దాని వైపే చూస్తోందని పత్రికలు రాస్తున్నాయి. మేడ వెనక, పేలగా మిగిలిన బండల మధ్య, దాన్ని కడుతున్నవాళ్ల గుడిసెలున్నాయి. అటు చూసినవాళ్లు తక్కువ.

భూలక్ష్మి చూసింది. అలాంటివాళ్లను చూసుకోవడం ఆమెకు కొత్త కాదు. నర్సింగ్ చదువు కాగానే నగరంలోని పెద్ద సర్కారు దవాఖానలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. పిత్తాశయంలో రాళ్లు, గట్టిపడిన కాలేయాలు, వాచిన క్లోమాలు, అన్నీ ఆ వార్డుకే వచ్చేవి. పచ్చబడ్డ ఒంటికి దురద ఆగదు. రక్తం వచ్చేదాకా గోక్కుంటారు. అందుకని ఆమె ముందు రోగుల గోళ్లు తీసేది, తడిగుడ్డతో ఒళ్లు అద్దేది. క్లోమం వాచినవాళ్లకు గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకూడదు. తడి దూదితో పెదవులు తుడుస్తూ, కొంగు చాటున మజ్జిగ చెంబు తెచ్చిన తల్లుల్ని బతిమాలి వెనక్కి పంపేది. ఏలూరు నుంచి వచ్చిన హెడ్ సిస్టర్ జయలక్ష్మి ఆమెకు ఒక మాట నేర్పింది.

"మన మాటలో చెబితే తల ఊపుతారమ్మా. వాళ్ల మాటలో చెబితే చేస్తారు. వాళ్ల మాటలోనే చెప్పు."

తర్వాత ఖర్చు తగ్గించాలని తాత్కాలిక ఉద్యోగాలు తీసేశారు. రోగులు తగ్గలేదు, నర్సులు తగ్గారు. భూలక్ష్మి ఊరికి తిరిగొచ్చింది. జయలక్ష్మి చెప్పిన మాట మాత్రం ఆమెతోనే వచ్చింది.

తిరుపతిని మొదట నర్సింగ్ హోమ్‌కు తెచ్చింది అతని భార్య చెన్నమ్మే. పాలమూరు నుంచి వలస వచ్చిన జంట. అతను మేడ మీద సెంట్రింగ్ పని చేసేవాడు, ఆమె తట్టలు మోసేది. అతని కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మణికట్టు మీద పచ్చి వాత. పసిరికలని, అంటే పచ్చకామెర్లని, ఊళ్లో కాల్పించుకొచ్చారు. పసరు మందూ అయింది. చెన్నమ్మ సున్నపు తేటలో అతని చేతులు కడిగి, పచ్చగా మారిన ఆ నీళ్లను గిన్నెతో సహా తెచ్చి చూపించింది.

"చూడు అక్కా, ఎంత దిగుతుందో. అయినా తక్కువైతలేదు."

భూలక్ష్మి గిన్నెను చూడలేదు. విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగింది. సుద్ద లెక్క తెల్లగా అని చెప్పాడు తిరుపతి. కుడి డొక్కలో పోటు, చలి, ఒళ్లంతా గీరుకున్న గాట్లు. సోమేశ్వరరావు చెయ్యి వేసి చూసి, కాలేయంలో ఊరే పైత్యరసం పేగులోకి దిగే దారిలో రాయి అడ్డం పడి ఉంటుందని, ఆపరేషన్ తప్పదని, అది తన దగ్గర కాదని చెప్పాడు. భూలక్ష్మి వాళ్లను వెంటబెట్టుకుని తను పనిచేసిన పెద్ద దవాఖానకే తీసుకెళ్లింది. పాత వార్డులో తెలిసిన ముఖాలు ఇంకా ఉన్నాయి కాబట్టి నేల మీద కాకుండా మంచం మీద చోటు దొరికింది.

ఆపరేషన్ జరిగింది. రాళ్లు తీశారు. పైత్యరసం దారి మానేదాకా ఒక సన్నటి గొట్టం లోపల ఉంచి, కొసను కడుపు పక్క నుంచి బయటికి తీసి సంచికి తగిలించారు. కుట్లు విప్పగానే ఇంటికి పొమ్మన్నారు. మంచం కోసం ఇంకొకడు వరండాలో మూలుగుతున్నాడు మరి. గొట్టం కొన్నాళ్లు కారనివ్వాలి, తర్వాత తిండి వేళకు కాసేపు క్లిప్పుతో మూయాలి, మెల్లగా మూసే సమయం పెంచాలి, అంతా బాగుంటే ఎక్స్‌రే తీసి లాగేస్తామన్నారు. నొప్పి గాని, చలిజ్వరం గాని వస్తే వెంటనే క్లిప్పు తీసి పరిగెత్తుకు రావాలి. డాక్టరు ఇదంతా నడుస్తూ చెప్పాడు. ఇంటి దగ్గర గాయం చూసేదెవరు, గొట్టం చూసేదెవరు అని ఆయన అడగలేదు. ఆయన్ను అడగమని చెప్పినవాళ్లూ లేరు. ఈ దేశంలో ఆపరేషన్ దాకా ఏదో ఒక లెక్క ఉంది. ఆ తర్వాత మనిషి ఏ లెక్కలోనూ లేడు.

భూలక్ష్మి చూసింది. డ్యూటీకి వెళ్లే ముందు పొద్దున్నే గుడిసెకు వచ్చేది. పైత్యరసం తగిలితే చర్మం ఒరిసిపోతుందని గొట్టం చుట్టూ తెల్లటి మందు రాసి గుడ్డ మార్చేది. సంచి ఎప్పుడూ నడుము కంటే కిందికే ఉండాలని చెన్నమ్మకు నేర్పింది.

తిరుపతి మాటకారి. సంచిలో బంగారు రంగు నీళ్లు చూసి, "ఇంత పసుపు నా పెండ్లికి గూడ పూయలేదక్కా" అన్నాడు. ఇంకోరోజు, "మా గుడిసెలకు నల్లా రాలే గాని నా కడుపుకు వచ్చింది. బిల్లు కంట్రాక్టరు కడ్తడా, నేను కట్టాల్నా?"

చెన్నమ్మకు నవ్వు రాలేదు. కడుపులోంచి గొట్టం వేలాడుతుంటే ఆమెకు అన్నం దిగడం లేదు. "ఇది పీకేసి ఊరికి తోల్కపోతక్కా. పసరు మందాయన మల్ల ఇస్తనన్నడు" అని ఒకరోజు మూట కూడా కట్టింది.

ఆ రోజు భూలక్ష్మి జయలక్ష్మి నేర్పినట్టే వాళ్ల మాటలో చెప్పింది.

"పిచ్చిదానా, ఆ గొట్టంల నుంచి పోయేది ఏందనుకున్నవ్? నీ మొగని పసిరికలే. పసరు మందు దించలేంది అది దించుతున్నది. పోనియ్యి."

చెన్నమ్మ మూట విప్పింది. అప్పటినుంచి గొట్టాన్ని దేవుణ్ని చూసుకున్నట్టు చూసుకుంది. సంచి నిండగానే బండల అవతల చిన్న గుంట తవ్వి, అందులో పోసి, మట్టి కప్పి, దిష్టి తీసి పారేసినట్టు వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఎవరైనా తొక్కితే వాళ్లకు అంటుతుందని భయం. తిరుపతి కళ్లు తెల్లబడ్డాయి. దురద పోయింది. ఇంకేం కావాలి?

మూసే రోజులు వచ్చాయి. భూలక్ష్మి క్లిప్పు పెట్టి, ఎప్పుడు మూయాలో చెప్పింది. నొప్పి, చలిజ్వరం సంగతి కూడా అప్పుడే చెప్పింది. తర్వాత వారం గడవకుండానే, రోజంతా మూసే ఉంచమంది. చెన్నమ్మ అన్నిటికీ తల ఊపింది.

తిరుపతి మాత్రం వాడిపోతున్నాడు. నాలుక ఎండిపోయింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. అన్నం చూస్తే వికారం. మాటలు తగ్గాయి. విరేచనం రంగు తిరిగిందా అని భూలక్ష్మి అడిగితే, "ఇంకా తెల్లగనే" అన్నాడు. గొట్టం మూసి ఉంటే పైత్యరసం పేగులోకి దిగాలి, రంగు తిరగాలి. క్లిప్పు చూస్తే పెట్టే ఉంది. ఆమెకు అర్థం కాలేదు. నీళ్లు పట్టుకొస్తానని గుడిసె వెనక్కి వెళ్లింది. బండల అవతల కప్పిన గుంటలు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. చివరిదాని మట్టి ఇంకా తడిగా ఉంది.

తిరిగొచ్చి చెన్నమ్మ రెక్క పట్టుకుంది.

"క్లిప్పు తీస్తున్నవా నువ్వు?"

చెన్నమ్మ తల వంచుకుంది. "నువ్వు పోయినంక తీస్తున్న. మల్ల నువ్వొచ్చే యాళ్లకు పెడ్తున్న."

"ఎందుకే? ఎందుకు తీస్తున్నవ్?"

"నువ్వే గద అక్కా చెప్పినవ్, పసిరికలు పోతున్నయని. మూస్తే లోపలనే ఉంటయి గద. మల్ల పచ్చగైతడు గద."

భూలక్ష్మికి ఏడుపు రావలసింది. కోపం వచ్చింది. ముందు రోజే నర్సింగ్ హోమ్‌లో ఇంకో నర్సు మానేసింది, రెండు డ్యూటీలూ నువ్వే చెయ్యాలన్నాడు సోమేశ్వరరావు. గుడిసెకొకరు పనికి రాకపోతే ఖాళీ చెయ్యాలని మేస్త్రి అరిచి వెళ్లాడని, మధ్యాహ్నం నుంచి తట్టలకు పోవాలని చెన్నమ్మ చెప్పింది. మంచంలో ఆ మనిషి ఎండిన గడ్డిలా ఉన్నాడు. ఈ కోపమంతా ఎవరి మీద పోవాలో వాళ్లెవరూ ఆ గుడిసెలో లేరు. చెన్నమ్మ ఉంది.

"పసిరికలు గాదే అది! వాని సత్తువ. వాని ఒంట్ల సత్తువంత నువ్వు మట్టిల పోస్తున్నవ్. సంపుకుంటవా మొగన్ని?"

చెన్నమ్మ మంచం వైపు తిరిగి గొట్టాన్ని చూసింది.

"పుస్తె పట్టుకో. పట్టుకో! ఎవ్వలు చెప్పినా క్లిప్పు తియ్యనని ఒట్టు పెట్టు."

చెన్నమ్మ నల్లపూసల మధ్య నుంచి పుస్తె తీసి గుప్పిట్లో పట్టుకుంది. "తియ్యనక్కా. ఎవ్వలు చెప్పినా తియ్య."

నొప్పి వస్తే తియ్యి, చలిజ్వరం వస్తే తియ్యి అన్న రెండో సగం భూలక్ష్మి ఆ రోజు చెప్పలేదు. అంతకుముందు చెప్పిందే. కాని పుస్తె మీద ఒట్టు ముందు పాత మాటలు ఏపాటి? ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించమని చెప్పి, డ్యూటీకి టైమైందని వెళ్లిపోయింది.

రెండు రోజులు రాలేకపోయింది. సెలవు అడిగితే, "ఉన్న పేషెంట్లను ఎవరు చూస్తారమ్మా, నేనా?" అన్నాడు సోమేశ్వరరావు. ఆయనది చెడ్డ మనసు కాదు. పది మంచాలకు ఒక నర్సుతో ఆసుపత్రి నడుస్తుందని నమ్మిన మనిషి, అంతే. గుడిసెల నుంచి మందుకొచ్చిన ఒకామెను అడిగితే చెప్పింది, నీళ్లు తాగుతున్నాడట, కొంచెం లేచి కూర్చున్నాడట. భూలక్ష్మి ఊపిరి పీల్చుకుంది.

మూడో రోజు పొద్దున వెళ్లింది. గుడిసె బయటికే మూలుగు వినిపించింది. తిరుపతి మళ్లీ పచ్చగా ఉన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. లోపల ఇంకో రాయి మిగిలిపోయి ఉంటుంది. గొట్టం తెరిచి ఉన్నన్నాళ్లూ పైత్యరసం బయటికి పోయింది. మూశాక దారి లేక లోపలే కుళ్లింది. చెన్నమ్మ అతని రెండు చేతులూ తన ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది. అతని చేతుల మీద ఆమె వేళ్ల గుర్తులు తేలి ఉన్నాయి.

"నిన్నటి సంది తియ్యమని ఏడుస్తున్నడక్కా. జర తియ్యే, జర తియ్యే అని కాళ్లు గూడ మొక్కిండు. నేను తియ్యలేదు. సూడు, క్లిప్పు అట్లనే ఉంది."

మెచ్చుకుంటుందేమోనని చూసినట్టు చూసింది.

భూలక్ష్మి క్లిప్పు మీదికి చెయ్యి చాచింది. చెన్నమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ముందుగాల ఒట్టు తియ్యి అక్కా."

"తీసేసిన చెల్లె. తీసేసిన. నాదే తప్పు. చెయ్యి ఇడువు."

క్లిప్పు తీస్తే గొట్టంలోకి వచ్చింది బంగారు రంగు నీళ్లు కావు. బురదలాంటిది, చీము వాసన.

మేస్త్రిని బండి అడిగారు. బండ్లు కంకర మోయడానికి, అన్నాడు. చివరికి సోమేశ్వరరావే, విషయం విని, తిట్టకుండా, ఒక ట్రాలీ ఆటోను పిలిపించి సెలైన్ పెట్టించాడు. "ఇక్కడ ఆపకండి, నా దగ్గర ఏమీ లేదు దీనికి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి" అని చేతులు జోడించినంత పని చేశాడు. చెలక పోయిన రైతు బిడ్డ, కూలిపోయిన గుడిసె లాంటి మనిషి, అతని పెండ్లాం, ముగ్గురూ వెనక ఎక్కారు. పనులు జరుగుతున్న రోడ్డు, గుంతల మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది. భూలక్ష్మి ఒక చేత్తో సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో నాడి పట్టుకుంది.

నాడి కూకట్‌పల్లి దాకా దొరికింది. తర్వాత వెతకవలసి వచ్చింది. బాలానగర్ ఫ్యాక్టరీల ముందు ఆటో ఆగినప్పుడు, సైరన్ మోగి కార్మికులు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. భూలక్ష్మి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ఛాతీ మీద చెవి ఆనించింది. తర్వాత సీసాను మెల్లగా కిందికి దించింది.

చెన్నమ్మ గొట్టాన్నే చూస్తోంది. అందులో ఏమీ కదలడం లేదు. ఒక చేతిలో క్లిప్పు, ఇంకో చేతిలో సంచి. అక్క చెప్పకుండా ఏదీ చెయ్యకూడదని నేర్చుకున్న మనిషి.

"అక్కా, ఇప్పుడు ఇది మూసుడా, తెరుసుడా?"

ఇది ఏ మాటలో చెప్పాలో, వాళ్ల మాటలోనా తన మాటలోనా, భూలక్ష్మికి తెలియలేదు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. డ్రైవరు తిరిగి చూశాడు.

"తెరిచే ఉంచు చెల్లె" అంది.

చెన్నమ్మ క్లిప్పును కొంగున ముడివేసుకుంది. సంచిని అతని నడుము కంటే కిందికి, నేర్పినట్టే, జాగ్రత్తగా దించి పట్టుకుంది. దవాఖాన గేటు దాకా అలాగే పట్టుకుని ఉంది.