ఆగ్నేయంలో వైఫై డబ్బా

జనార్ధన్ చొక్కా జేబులో పెన్ను ఉండదు, దిక్సూచి ఉంటుంది. షామీర్‌పేటలో గడ్డం చేయించుకోవడానికి కూర్చున్నా ముందు అది తీసి చూసి, కుర్చీ తూర్పుకు తిప్పించాకే మెడ చాపుతాడు. ఒకప్పుడు మక్కజొన్న పండించిన మనిషే. చుట్టూ చేన్లన్నీ ప్లాట్లయ్యాక తానూ ప్లాట్లు అమ్మిపెట్టే పనిలోకి దిగాడు. వాస్తు చెప్పి అమ్ముతాడు. అడిగినవాళ్లకు చెబుతాడు, అడగనివాళ్లకు ఇంకాస్త ఎక్కువ చెబుతాడు. ఆ మాట నమ్మి బావమరిది మల్లేశం ఉన్న ఒక్క వంటింటినీ రెండుసార్లు పడగొట్టి కట్టుకున్నాడు. ఇప్పుడు బావ ఎదురొస్తే పక్క సందులోకి తిరుగుతాడు.

అలాంటివాడి ఇంటికి వైఫై వస్తే డబ్బా ఎక్కడ పెడతాడు? కరెంటుతో నడిచేది, దీపాలు మిణుకుమనేది, కాబట్టి అది అగ్ని. అగ్నిది ఆగ్నేయం. ఆగ్నేయంలో ఉన్నది వంటిల్లు. బిగించడానికొచ్చిన షాహబాజ్‌కు ఆ పూట ఇంకా చాలా ఇళ్లు తిరగాల్సి ఉంది. "నీ ఇల్లు, నీ ఇష్టం అన్నా" అని ఫ్రిజ్జు పక్కన, బియ్యం డ్రమ్ము వెనక బిగించి వెళ్లిపోయాడు.

తర్వాత ల్యాప్‌టాప్ వచ్చింది. అది సరస్వతి గనక ఈశాన్యం గదిలో, అంటే ఇంటికి ఆ చివర, కొలువుదీరింది. దాన్ని కొన్నది ఒకే ఒక్క బేరం కోసం. అల్వాల్‌లో ఉండే శ్రీనివాసరావు జనార్ధన్‌కు పాత స్నేహితుడు, ఏ పనికైనా ఇతన్నే సలహా అడుగుతాడు. ప్లాటు కావాలన్నది ఆయన కోడలు ఇషిత, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరకదు, ప్లాట్ల మ్యాపు వీడియోలో చూపించమంది. ఆ ఏడు ఒక్క ప్లాటూ కదల్లేదు. ఈ బేరం పోతే మేడ్చల్ దళారి వెంకటసాయి ఎగరేసుకుపోతాడని జనార్ధన్‌కు నిద్ర పట్టడం లేదు.

మొదటిరోజు కాల్‌లో "నమస్తే బిడ్డా" అనేలోపే తెర బిగుసుకుపోయింది. అవతల ఇషితకు నోరు తెరిచిన జనార్ధన్ బొమ్మ తప్ప ఇంకేమీ కనబడలేదు. రేపు పొద్దున మళ్లీ ప్రయత్నిద్దాం, కుదరకపోతే వేరేవాళ్లను చూసుకుంటానని మెసేజ్ పెట్టింది.

ఇక చూడాలి ఆ మనిషి అవస్థ! ల్యాప్‌టాప్ ఆపి వెలిగించాడు. వైఫై డబ్బా ఆపి వెలిగించాడు. కొత్త సామానుకు దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పి కోశాడు. కొన్న కొట్టుకు మోసుకెళ్లి పోట్లాడబోతే, అక్కడ అది గుర్రంలా పరుగెత్తింది. "వాళ్ల దుకాణం ఉత్తరం ముఖం, అందుకే నడుస్తాంది" అని తేల్చుకుని ఇంటికొచ్చి, ల్యాప్‌టాప్‌ను ఉత్తరానికి తిప్పి కూర్చున్నాడు. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున అతను స్నానంలో ఉండగా వంటింట్లోంచి అత్తాకోడళ్ల కొట్లాట గట్టిగా వినిపించింది. తువ్వాలతో పరుగెత్తుకొచ్చి చూస్తే, భార్య ఇందిరమ్మ ల్యాప్‌టాప్‌ను గట్టుమీద పెట్టుకుని, చిక్కుడుకాయలు తుంచుతూ సీరియల్ చూస్తోంది. ఎక్కడా ఆగడం లేదు.

"గిది ఈడ ఎట్ల నడుస్తాందే?"

"డబ్బా ఈడనే ఉన్నది గదయ్యా. నాలుగు గోడలు దాటి నీ ఈశాన్యానికి ఎట్లొస్తది పాపం?"

జనార్ధన్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి. డబ్బాను కదిలిస్తే అగ్ని స్థానం తప్పుతుంది. వంటింట్లో కూర్చుని బేరమాడితే తగాదా తప్పదని ఊరందరికీ చెప్పింది తనే. ఏదీ తేల్చుకోకముందే కాల్ వచ్చేసింది. చొక్కా తగిలించుకుని, పొయ్యి పక్కన పీట వేసుకుని కూలబడ్డాడు.

ఈసారి బొమ్మ అద్దంలా వచ్చింది. మ్యాపు ఎత్తి రోడ్లన్నీ చూపించి, ధర దాకా వస్తుండగా కుక్కర్ కూత పెట్టింది.

"కుక్కర్ బంద్ జెయ్యవే! మాట్లాడుతున్న గదా!"

"నేనేడ పెట్టిన?" అంది ఇందిరమ్మ, చిక్కుడుకాయల గిన్నె ఎత్తి చూపిస్తూ.

తెరలో ఇషిత సిగ్గుపడింది. "మాదే అంకుల్. నేనూ వంటింట్లోనే కూర్చున్నాను. మా మామయ్యగారు వైఫై ఆగ్నేయంలోనే ఉండాలని ఇక్కడ పెట్టించారు. ఆఫీసు మీటింగులన్నీ పోపుల మధ్యే."

"ఎవలు జెప్పిండ్రు బిడ్డా ఆయనకు?" జనార్ధన్ ఆలోచించకుండా అడిగేశాడు.

"మీరే అంకుల్. ఫోన్లో."

ఇందిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జనార్ధన్ చెవులు ఎర్రబడ్డాయి.

"అందుకే వేరే ఇల్లు కట్టుకుందామని," ఇషిత గొంతు తగ్గించింది. "మామయ్యగారికి చెప్పకండి. వాస్తు ఊసే లేకుండా కట్టుకోవడానికి ప్లాటేదైనా ఉందా మీ దగ్గర?"

ఉండకేం! దక్షిణం ముఖం ప్లాట్లు ఏళ్ల తరబడి గడ్డి మొలిచి పడి ఉన్నాయి, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. ఒకవైపు ఇన్నేళ్ల పేరు, ఒకవైపు ఆ గడ్డి.

"మస్తుగున్నయ్ బిడ్డా. దక్షిణం ముఖంవి, మంచి గాలి."

"మరి వైఫై ఎక్కడైనా పెట్టుకోవచ్చా?"

భార్య వైపు చూడకుండా, కళ్లు మూసుకుని అనేశాడు. "ఏడనన్న పెట్టుకో తల్లీ. డబ్బాకు దిక్కేంది?"

ఆదివారం వచ్చి ప్లాటు చూస్తామని చెప్పి ఇషిత పెట్టేసింది. ఇందిరమ్మ అప్పటికే బియ్యం డ్రమ్ము పక్కకు జరిపి, వెనకాల చుట్టి పెట్టిన వైరు విప్పుతోంది.

"ఏం జేస్తున్నవే?"

"హాల్ల పెడుతున్న. దిక్కు లేదంటివి గదా."

"అది అమ్మకం మాట ఇందిరా! ఇది మన ఇల్లు!"